రాత్రి పెండ్లిళ్లలో డ్రోన్‌కు స్ట్రోబ్ లైటు: ఏడు నెలలు వాడాక నా మాట

స్ట్రోబ్ అంటే డ్రోన్ ఎదుటివాళ్లకు కనిపించేలా ఆగి ఆగి గట్టిగా మెరిసే చిన్న లైటు. దీనికి ఐదుకు మూడున్నర ఇస్తాను. ఒక్కో లైటు 1,450 రూపాయలు, ఆన్‌లైన్‌లో రెండు తెప్పించాను. డబ్బా మీద పేరంటూ ఏమీ లేదు, అగ్గిపెట్టెలో సగం ఉండే నల్ల ప్లాస్టిక్ ముక్క, దాని నెత్తిన గాజు బుడిపె లాంటి లెన్స్. తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ రంగులు వస్తాయి. ఇప్పటికి పదహారు రాత్రి పెండ్లిళ్లకు వాడాను. డ్రోన్‌తో పెండ్లి వీడియోలు తీసేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నా. ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి, లేదంటే మిగతాది అర్థం కాదు.

మాది ప్రొద్దుటూరు. పన్నెండేళ్లుగా పెండ్లి వీడియోల పనే. గత మాఘంలో జమ్మలమడుగు వైపు ఒక పల్లెలో పెండ్లి, తెల్లవారుజామున మూడున్నరకు ముహూర్తం. నన్ను పిలిచింది పెండ్లికొడుకు వాళ్లు. పెండ్లికూతురు వాళ్లు వాళ్ల ఊరి ఫొటోగ్రాఫర్‌ను తెచ్చుకున్నారు. మన దగ్గర ఇది మామూలే. రెండు వైపులా ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, ఇద్దరి దగ్గరా డ్రోన్లు. రాత్రి పదకొండుకు మెరవణి బయల్దేరింది. నేను మిద్దె మీద నుంచి ఎగరేశా. ఆయన వీధి చివర నుంచి ఎగరేశాడు. ఒకరితో ఒకరం ముందుగా మాట్లాడుకోలేదు. స్క్రీన్‌లో బండి మీది పూలు, డప్పులు చూసుకుంటూ ఉన్నానే గానీ పక్కన ఇంకో డ్రోన్ ఉందని నాకు తెలియదు. ఆయనకూ తెలియదు. ఇరవై అయిదు మీటర్ల ఎత్తులో రెక్కలు తగిలాయి.

నాది ఊగి నిలబడింది. ఆయనది వంటల షామియానా మీద పడి, అక్కణ్ణుంచి జారి కిందకొచ్చింది. అక్కడ ఒక ముసలావిడ పేపర్ ప్లేట్ల కట్ట విప్పుతూ కూర్చుంది. ఆమెకు రెండు బారల దూరంలో పడింది. అవతల సాంబారు గుండిగ ఉడుకుతోంది. నేను పరుగెత్తుకుంటూ పోతే, ఆమె నా చెయ్యి పట్టుకుని "ఏంది నాయనా, పైనుంచి పడిందేందది?" అని అడిగింది. నాకు మాట రాలేదు. ఆ రాత్రి మిగతా షూటింగంతా కింద నుంచే తీశాను.

రెండు డ్రోన్లకూ కంపెనీ లైట్లు ఉన్నాయి. నా డ్రోన్‌కు ముందు చేతుల కింద ఎర్రవి, వెనక ఆకుపచ్చవి. అవి డ్రోన్ ముఖం ఎటుందో ఎగరేసేవాడికి చెప్పడానికి ఉన్నవి. విమానాల పద్ధతి వేరు: ఎడమ రెక్క మీద ఎరుపు, కుడి రెక్క మీద ఆకుపచ్చ, తోక దగ్గర తెలుపు. అందుకే డ్రోన్ లైట్లు చూసి అది ఎటు పోతోందో కొత్తవాళ్లకు తెలియదు. పైగా పెండ్లి పందిరి నిండా సీరియల్ సెట్లు ఎరుపు, ఆకుపచ్చల్లోనే మినుకుమినుకుమంటుంటాయి. వాటి మధ్య ఆ చిన్న చుక్కలు అరవై డెబ్బై మీటర్లకే కలిసిపోతాయి.

ఆ తర్వాత రూల్స్ మళ్లీ చదవడం మొదలుపెట్టా. 2018 డిసెంబర్ నుంచి మన దేశంలో అమల్లోకి వచ్చిన డీజీసీఏ (విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ) నిబంధనల్లో డ్రోన్ పగటిపూటే ఎగరాలన్నది షరతు. బాగా వెలుతురున్న మూసిన ఆవరణలో చిన్న డ్రోన్‌తో షూటింగ్ చేసుకోవడానికి మాత్రం మినహాయింపు ఉండేది. డ్రోన్‌కు తప్పనిసరిగా ఉండాల్సిన పరికరాల్లో మెరిసే యాంటీ కొలిజన్ (ఢీకొనకుండా కాపాడే) స్ట్రోబ్ లైటు ఒకటి. అంటే పగలు ఎగిరే డ్రోన్‌కు కూడా ఆ లైటు అడిగారు. తర్వాత 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ కాగితాల పని బాగా తగ్గించాయి. అయినా మనిషికో ఆస్తికో ముప్పు వచ్చేలా ఎగరేయకూడదన్న మాట వాటిలోనూ ఉంది. జమ్మలమడుగులో ఆ రాత్రి నేను చేసింది సరిగ్గా అదే తప్పు.

లైటు ఎంత దూరం కనిపించాలో కొలత పెట్టింది అమెరికా వాళ్లు. 2021 ఏప్రిల్ నుంచి అక్కడ రాత్రి ఎగరేయాలంటే యాంటీ కొలిజన్ లైటు కనీసం మూడు మైళ్ల దూరానికి కనిపించాలి, ఎదుటివాడు చూసి తప్పుకునేంత వేగంగా మెరవాలి. మూడు మైళ్లంటే మన లెక్కలో 4.8 కిలోమీటర్లు. అవసరమైతే వెలుతురు తగ్గించుకోవచ్చు గానీ పూర్తిగా ఆపకూడదు. యూరప్‌లో 2022 జులై నుంచి రాత్రి ఎగిరే డ్రోన్‌కు మెరిసే ఆకుపచ్చ లైటు పెట్టాలి, కింద నుంచి చూసినవాళ్లకు అది విమానం కాదు, డ్రోనని తెలియడానికి. మనకు ఆ దేశాల రూల్స్ వర్తించవు. కానీ ఈ లైటు అమ్మేవాళ్లు డబ్బా మీద "మూడు మైళ్లు" అని పెద్దక్షరాలతో వేశారు కాబట్టి, ఆ మాట నిజమో కాదో చూద్దామనుకున్నా.

మొదట బరువు. ప్రొద్దుటూరులో తూకానికి కొదవ లేదు కదా, మా మేనమామ నగల అంగట్లో కాటా మీద పెట్టాను. లైటు ఒక్కటే 13.42 గ్రాములు. వెల్క్రో పట్టీతో కలిపి 15.1. అంగట్లో కూర్చున్న ఆయన "ఇదేం సొమ్మబ్బీ, తరుగెంత?" అని అడిగాడు.

ఈ పదిహేను గ్రాములు చాలామందికి పెద్ద సంగతి. మన రూల్స్‌లో 250 గ్రాముల వరకూ నానో డ్రోన్, దానికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. 250 దాటి రెండు కిలోల వరకూ మైక్రో. మైక్రోను సరదాకు ఎగరేస్తే సర్టిఫికెట్ అవసరం లేదు గానీ, డబ్బు తీసుకుని ఎగరేస్తే కావాలి. పెండ్లి వీడియో అంటే డబ్బు తీసుకునే పనే. 249 గ్రాముల డ్రోన్ కొని "మాకే సర్టిఫికెట్టూ వద్దు" అనుకునే తమ్ముళ్లు మా వైపు చాలామంది ఉన్నారు. దాని మీద ఈ లైటు ఒక్కటి అంటిస్తే 264 అవుతుంది. ఎగిరేటప్పుడు ఉండే మొత్తం బరువు లెక్క కాబట్టి, లైటు పెట్టిన క్షణం నుంచి మీది నానో కాదు. అట్లని లైటు మానేసి చీకట్లో ఎగరేయమని చెప్పడం లేదు. డీజీసీఏ అనుమతి ఉన్న శిక్షణ సంస్థలో నేర్చుకుని సర్టిఫికెట్ తీసుకోండి. పది పాసై, పద్దెనిమిదేళ్లు నిండి ఉంటే చాలు, సర్టిఫికెట్ పదేళ్లు ఉంటుంది. నేను తీసుకున్నాను. అక్కడ నేర్చుకున్నది ఆ మాఘంలో పాటించి ఉంటే ఆ ముసలావిడకు ఆ గండం వచ్చేది కాదు.

ఇక దూరం. డ్రోన్‌ను ఐదు కిలోమీటర్ల అవతలికి పంపి చూసే పని పెట్టుకోలేదు, కంటికి కనిపించేంత వరకే ఎగరేయాలి కాబట్టి. మైదుకూరు రోడ్డు వైపు తెలిసినవాళ్ల చేను ఉంది. అమావాస్య మరుసటి రాత్రి పొడుగాటి వెదురు గడకు రెండు లైట్లూ కట్టి, మా అసిస్టెంట్ పిల్లోణ్ని అక్కడ నిలబెట్టి, నేను బైక్ మీద దూరం పోతూ ఫోన్ మ్యాప్‌లో నేరుగా ఎంత దూరమో కొలుచుకుంటూ ఆగి ఆగి చూశా. పోలికకు డ్రోన్‌ను కూడా మోటార్లు తిప్పకుండా, ఆన్ చేసి ట్రాక్టర్ ట్రాలీ మీద పెట్టించా.

డ్రోన్ సొంత లైట్లు నాలుగు వందల మీటర్లు దాటాక నాకు కనిపించలేదు. స్ట్రోబ్ ఎరుపు రంగులో పెడితే రెండు కిలోమీటర్ల దగ్గర వెతుక్కోవాల్సి వచ్చింది. ఆకుపచ్చ మూడు దాకా వచ్చింది. తెలుపు మూడు కిలోమీటర్ల దగ్గర గట్టిగా, నక్షత్రం పేలినట్టు కనిపించింది. 4.8 దగ్గర కూడా కనిపించింది గానీ, ఎక్కడుందో ముందే తెలుసు కాబట్టి కనిపించిందని నా అనుమానం. తెలియనివాడు ఆ చుక్కను పట్టించుకోడు. మూడు మైళ్ల మాట తెలుపు రంగుకు, చీకటి చేలో, తెలిసిన కంటికి నిజమే. తర్వాత ఇంకో వైపు నుంచి చూశా, లైటు వెనక ప్రొద్దుటూరు ఊరి వెలుతురు పడేలాగా. రెండు కిలోమీటర్లకే ఊరి దీపాల్లో కలిసిపోయింది. మనం పెండ్లిళ్లు తీసేది చేలల్లో కాదు, ఊర్లలో. డబ్బా మీది అంకెను అందులో సగానికే నమ్మండి.

మెరుపు వేగం రెండు రకాలు. గడియారం పెట్టి లెక్కపెడితే మొదటిది నిమిషానికి 58, రెండోది దాదాపు 140. పెద్ద విమానాల యాంటీ కొలిజన్ లైట్లు నిమిషానికి 40 నుంచి 100 సార్ల మధ్య మెరిసేలా చేస్తారు. నాకు మొదటిదే నచ్చింది. రెండోది దూరం నుంచి మెరుపులా కాక, వణికే దీపంలా కనిపిస్తుంది. పందిట్లో షార్పీ లైట్లు, డీజే లైట్లు అన్నీ పిచ్చి వేగంతో కొట్టుకుంటుంటే, సెకనుకొకసారి నిదానంగా మెరిసే తెల్ల చుక్క వాటిలో కలవదు. ఇది వాడితేనే తెలిసింది.

లెన్స్ గురించి ఒక ఫిర్యాదు. వెలుతురంతా నేరుగా పైకి పోతుంది, పక్కలకు సగం కూడా రాదు. డ్రోన్ నెత్తిన ఒక్కటే పెడితే కింద నిలబడ్డవాళ్లకు ఏమీ కనిపించదు. కింద ఒక్కటే పెడితే పైన పోయే హెలికాప్టర్‌కు కనిపించదు. అందుకే రెండు కొనాల్సి వచ్చింది. 1,450 అనుకున్నది 2,900 అయ్యింది, రెండిటి బరువుకు నా డ్రోన్ ఎగిరే సమయం రెండు నిమిషాలు తగ్గింది. ఇది డబ్బా మీద ఎక్కడా చెప్పరు.

బిగించడంలోనే నేను ఎక్కువ రోజులు ఇబ్బంది పడ్డా. డబ్బాలో అయస్కాంతం క్లిప్ ఒకటి ఇస్తారు. అది పెట్టి డ్రోన్ ఆన్ చేస్తే యాప్‌లో కంపాస్ ఎర్రర్. దిక్కు చూపే కంపాస్ పక్కన అయస్కాంతం పెడితే ఇంకేమవుతుంది! ఆ క్లిప్‌ను అసలు వాడకండి. పైన బిగించేటప్పుడు జీపీఎస్ ఉండే చోటును మూయకూడదు, గాలి పోయే కంతలను కప్పకూడదు. నేను వెనక వైపు, మధ్య గీత మీద పెట్టా, ఒక పక్కకు బరువు లాగకుండా.

రెండువైపులా అంటుకునే టేపుతో అంటించా. ఫిబ్రవరి, మార్చి బాగానే ఉంది. మే నెల కడప ఎండ సంగతి మీకు చెప్పేదేముంది. కారులో ఉన్న డ్రోన్ బ్యాగు బయటికి తీసేసరికి టేపు గమ్ము జారిపోయి ఉంది. చూసుకోకుండా ఎగరేశా. మిద్దె మీద మనిషి ఎత్తు లేచేసరికి పై లైటు ఊడి కింద పడింది. అంత ఎత్తులోనే పడింది కాబట్టి సరిపోయింది. జనం మీద అయి ఉంటే, ముప్పై మీటర్ల పైనుంచి పదమూడు గ్రాముల ముక్క కూడా తలకు గాయం చేయగలదు. అప్పట్నుంచి వెల్క్రోతో పాటు సన్నటి కేబుల్ టై కూడా వేసి కడుతున్నా. ప్రతి రాత్రీ ఎగరేసే ముందు వేలితో లాగి చూస్తా.

వీడియో మీద ప్రభావం ఉంటుంది. కింది లైటు మెరిసినప్పుడల్లా ఫ్రేము అడుగున పాలపొర లాంటి వెలుతురు వచ్చిపోయేది. తిరిగే రెక్కల అంచుల మీద కూడా మెరుపు పడి కనిపించేది. ఒక పెండ్లిలో పెండ్లికూతురు పల్లకీ దిగే షాట్ మొత్తం అట్లా పాడైంది, ఎడిటింగ్‌లో కూడా తీయలేకపోయా. వాళ్లమ్మకు ఫోన్ చేసి చెప్పి, ఆ షాట్ బదులు కింద కెమెరాతో తీసింది వేశా. తర్వాత లైటును ఇంకా వెనక్కి జరిపి, కెమెరా వైపు నల్ల ఇన్సులేషన్ టేపుతో చిన్న గోడ కట్టా. ఇప్పుడు తొంభై శాతం పోయింది. దుమ్ము లేచిన రాత్రి మాత్రం కొంచెం కనిపిస్తూనే ఉంటుంది. వీడియో శుభ్రంగా రావాలని లైటు ఆపే ఫొటోగ్రాఫర్లను చూశా. దయచేసి ఆ పని చేయొద్దు. పాలపొర వచ్చిన షాట్ తీసేయొచ్చు.

ఈ లైటులో నాకు అస్సలు నచ్చనిది బ్యాటరీ. డబ్బా మీద ఐదు గంటలని ఉంది. పూర్తి వెలుతురు మీద నా దగ్గర వచ్చింది రెండు గంటల పది నిమిషాలు. ఛార్జింగ్‌కు యాభై నిమిషాలు పడుతుంది, టైప్ సి కేబుల్ కాబట్టి పవర్ బ్యాంకుతో ఎక్కించుకోవచ్చు, ఆ వరకూ మేలు. కానీ బ్యాటరీ ఎంత మిగిలిందో చూపే గుర్తు ఏదీ లేదు. వెలుతురు మెల్లగా తగ్గడం కూడా ఉండదు, ఉన్నట్టుండి ఆరిపోతుంది. ఒక రాత్రి మైలవరం వైపు పెండ్లిలో డ్రోన్ నూట యాభై మీటర్ల దూరంలో ఉండగా రెండూ నిమిషం తేడాతో ఆరిపోయాయి. అప్పటిదాకా తలెత్తితే కనిపించే డ్రోన్ ఒక్కసారిగా మాయమైనట్టయింది. ఎంత టెన్షన్ పడ్డానో చెప్పలేను. వెంటనే కదలిక ఆపి, అక్కడే నిలబెట్టి, రిటర్న్ టు హోమ్ (బయల్దేరిన చోటికే తిరిగొచ్చే బటన్) నొక్కా. తిరిగొచ్చే ఎత్తును ఊర్లోని సెల్ టవర్ కన్నా పైకి ముందే పెట్టుకుని ఉన్నాను కాబట్టి నేరుగా వచ్చింది. ఇప్పుడు గంటన్నర వాడాక ఎంత మిగిలి ఉన్నా తీసి ఛార్జింగ్ పెట్టేస్తా. గాల్లో ఉండగా రిమోట్‌తో వెలుతురు తగ్గించే వీలు కూడా లేదు, దింపేటప్పుడు కింద ఉన్నవాళ్ల కళ్లలో కొడుతుంది. మూడున్నరకే ఆగడానికి ఈ రెండే కారణం.

కొత్తగా రాత్రి ఎగరేసేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. ఈ లైటు మనల్ని ఎదుటివాళ్లకు చూపిస్తుంది గానీ, కరెంటు తీగల్ని మనకు చూపించదు. చీకట్లో డ్రోన్ కెమెరా సెన్సార్లు అడ్డాలను గుర్తించలేవు, యాప్ కూడా ఆ మాటే చెబుతుంది. అందుకే వెలుగుండగానే ఊరంతా ఒకసారి నడిచి తీగలు, చెట్లు, టవర్లు ఎక్కడున్నాయో చూసుకుంటా. కళ్లకు చీకటి అలవాటు కావడానికి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు పడుతుంది. ఫోన్ వెలుతురు ఒక్కసారి ముఖం మీద కొట్టించుకుంటే ఆ అలవాటంతా పోతుంది. నేను స్క్రీన్ వెలుతురు బాగా తగ్గించి, పక్కన ఒక మనిషిని పెట్టుకుంటా. వాడి పని డ్రోన్‌ను చూస్తూ ఉండడమే, స్క్రీన్ వైపు చూడకూడదు.

కడప టౌనులో పెండ్లి ఒప్పుకునే ముందు డిజిటల్ స్కై మ్యాప్ (డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపే ప్రభుత్వ మ్యాప్) చూడండి. ఎయిర్‌పోర్ట్ ఊరి పక్కనే. దాని సరిహద్దు నుంచి ఎనిమిది కిలోమీటర్ల లోపు నేల మీద నుంచే యెల్లో జోన్, అనుమతి కావాలి. ఎనిమిది నుంచి పన్నెండు మధ్య రెండు వందల అడుగుల వరకే స్వేచ్ఛ. ఎంత మంచి లైటు పెట్టినా ఈ లెక్క మారదు. ఊరు ఏదైనా నేను మాత్రం ముందు స్టేషన్‌కు పోయి, కాగితాలు చూపించి, ఎన్నింటికి, ఎక్కడ ఎగరేస్తున్నానో చెప్పి వస్తా. దసరాకు ప్రొద్దుటూరు మెరవణి రాత్రుల్లో జనం మీద ఎగరేయమని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, ఎంత ఇస్తామన్నా పోను.

కొనాలా అంటే, తెలుపు రంగు, నిదానంగా మెరిసే పద్ధతి ఉన్నది కొనండి. బ్యాటరీ గుర్తు ఉన్నది దొరికితే ఇంకో ఐదు వందలు ఎక్కువైనా అదే తీసుకోండి. ఒకటి కాదు, రెండు. వానకు తట్టుకుంటుందని నమ్మకండి, చినుకు పడగానే నేను దింపేస్తా.

ఆ రాత్రి డ్రోన్ పడిపోయిన అన్నకు మరమ్మతు ఖర్చులో సగం నేనిచ్చా. మొన్న శ్రావణంలో మళ్లీ ఒకే పెండ్లికి ఇద్దరం వచ్చాం. ఆయన కూడా ఇలాంటి లైట్లే తెప్పించుకున్నాడు. ఎగరేసే ముందు ఇద్దరం మిద్దె మీద నిలబడి మాట్లాడుకున్నాం. "అన్నా, నాది తెలుపు, నలభై మీటర్లలో ఉంటా" అన్నా. "సరే తమ్ముడూ, నాది ఆకుపచ్చ, ఇరవై దాటను" అన్నాడు. మెరవణి గుడి దగ్గరికి చేరేదాకా రెండూ ఒకదాని పైన ఒకటి, కిందనుంచే తేలిగ్గా కనిపిస్తూనే ఉన్నాయి.